మీసం లేని తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంటి కప్పు మీద ఒక సినిమా హీరో మీసం ఉండేది. మొహం పూర్తిగా లేదు. సగం ముక్కు, పైపెదవి, వాటి మధ్య నేను చాప పరుచుకుని పడుకోగలిగినంత పెద్ద మీసం. అశోక్‌నగర్ నాలా పక్కన మా బస్తీలో అన్నీ రేకుల ఇళ్లే. వానలు మొదలుకాకముందే, ఆడి దిగిపోయిన సినిమా బ్యానర్ గుడ్డ ఒకటి తెచ్చి రేకుల మీద పరిచి, మూలల్లో రాళ్లు పెట్టేవాళ్లు. రంగు దట్టంగా పట్టిన గుడ్డ కాబట్టి చుక్క నీరు కిందికి దిగేది కాదు. ఒకరింటి మీద హీరోయిన్ కన్ను, ఇంకొకరింటి మీద పిస్తోలు పట్టుకున్న చెయ్యి. ఎవరైనా మా ఇల్లెక్కడని అడిగితే 'మీసం ఇల్లు' అని చెప్పేవాళ్లు.

ఆ గుడ్డలు ఇచ్చేది చిక్కడపల్లిలో బ్యానర్లు గీసే ఒక పెయింటర్. పిల్లలం ఆయన్ని బొమ్మల తాత అనేవాళ్లం. క్రాస్ రోడ్స్ టాకీసుల ముందు నిలబెట్టే ఎత్తయిన మొహాలన్నీ ఆయన చేతిలో నుంచి వచ్చినవే. మూడు వారాలు ఆడితే మూడు వారాలు ఆ మొహం బతుకుతుంది, తరువాత దానిమీద తెల్లరంగు కొట్టి ఇంకో మొహం గీస్తారు. అరిగిపోయి రంగు పట్టని గుడ్డలు మా ఇళ్ల మీదికి వచ్చేవి. మా బస్తీలో ఆయనంటే అందరికీ గౌరవం. వాన పడ్డప్పుడల్లా ఆయన్ని తలుచుకోవాల్సి వచ్చేది మరి.

మా వాళ్లు పాలమూరు నుంచి పని వెతుక్కుంటూ పట్నం వచ్చారు. మా తాతయ్య గోడలు కట్టే మేస్త్రీ. మా నాయనమ్మ ఆయనకు మాలు అందించేది. మాలు అంటే గోడకు వేసే ఇసుక, సున్నం కలిపిన ముద్ద. దాన్ని తట్టలో పెట్టుకుని నెత్తిమీద మోసేది. మా మేనత్తకు ఏడేళ్లు, మా నాయనకు నాలుగేళ్లు ఉన్నప్పుడు తాతయ్య జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఫోటో దిగాలన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ వచ్చినట్టు లేదు. పట్నమంతా గోడలు కట్టాడు గానీ ఒక్క గోడకూ ఆయన ఫోటో లేదు.

అందుకని, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస రోజున అందరిళ్లలో పోయినవాళ్ల ఫోటోలకు దండలు వేస్తే, మా ఇంట్లో తాతయ్య తాపీకి దండ వేసేవాళ్లు. నాయనమ్మ దాన్ని ఇటుక పొడితో తళతళలాడేలా తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పీట మీద గోడకు ఆనించి దాని ముందు విస్తరి వేసేది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక పెత్రమాసకు పక్కింటి అక్క అది చూసి, మీ తాత ఇనుముతోటి పుట్టిండా అని పిల్లలందరి ముందూ అడిగింది. నేను ఆమె జడ పట్టుకుని గుంజాను. మా అమ్మ వచ్చి నా జడ పట్టుకుని గుంజింది. నాయనమ్మ మాత్రం తాపీ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

మరునాడు రొట్టెలు చేస్తూ ఆ సంగతి తనే ఎత్తింది. తాతయ్య గొంతు గుర్తుందట. దగ్గు గుర్తుందట. పొద్దున పనికి పోతూ చెప్పులు దులిపే చప్పుడు కూడా గుర్తుందట. మొహం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అప్పుడే పూత పూసిన గోడలాగా నున్నగా ఉంటుందట, ఏమీ కనబడదట. ఎప్పుడు మరిచిపోయిందో కూడా తెలియదట.

"నేను పోయినంక ఆడ మస్తుమంది ఉంటరు," అంది రొట్టె తిప్పుతూ. "గంతమందిల మీ తాతను ఎట్ల పట్టాలె? నేను ఆయన మొహం మర్శిన. ఆయనకైన నేను గుర్తొస్తనా అంటే, ఆయన చూసినప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. గీ ముసల్దాన్ని ఎట్ల గుర్తుపడ్తడు?"

ఏడవలేదు. బస్సు దొరుకుతుందో లేదో అన్నట్టు మాట్లాడింది, అంతే. పాఠం మరిచిపోతే పుస్తకం తెరిచి చూసుకోవచ్చని నాకు తెలుసు. ఆమెకు తెరవడానికి పుస్తకమే లేదు. పోయినవాళ్లు ఉండేచోట నాయనమ్మ ఒక్కతే ఆ మొహంలోకీ ఈ మొహంలోకీ తొంగి చూస్తూ తిరుగుతున్నట్టు ఊహించుకుని, రొట్టె పక్కన పెట్టేశాను. బొమ్మల తాతను అడుగుదామన్నాను. హీరోలను గీసేటాయన మేస్త్రీని గీస్తడా అని నా మాట కొట్టిపారేసింది. కానీ ఆదివారం పొద్దున తలస్నానం చేసి, పెట్టెలోని ఆకుపచ్చ చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని చిక్కడపల్లి దారి పట్టింది ఆమే.

బొమ్మల తాత పనిచేసేది సందు చివర ఒక పొడుగాటి షెడ్డు. లోపల గోడ నిండా గుడ్డ బిగించి ఉంది. ఆయన చేతిలో హీరో ఫోటో, అరచేయంత. దానిమీద సన్నటి గళ్లు గీసి ఉన్నాయి. దారానికి బొగ్గుపొడి పట్టించి, గుడ్డ మీద ఆ కొస నుంచి ఈ కొసకు లాగి పట్టుకుని, మధ్యలో వేలితో మీటి వదిలేవాడు. టప్పుమని తిన్నటి గీత పడేది. అలా పెద్ద గళ్లు వేసుకుని, చిన్న గడిలో ఉన్నది పెద్ద గడిలోకి దించేవాడు. మేస్త్రీలు గోడ తిన్నగా రావడానికి చేసేదీ అదే పని. దారం మీటడం చూడగానే నాయనమ్మ బెరుకు పోయింది. మా ఇంటాయన గుడ గిట్లనే కొడ్తుండె అని చెప్పి, ఎవరూ పిలవకుండానే స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన బొమ్మ గీయాలని చెబితే, బొమ్మల తాత ఫోటో ఏదని అడిగాడు. లేదంది. ఫోటో లేకపోతే గళ్లు ఎక్కడ గీయాలని తల గోక్కున్నాడు. సరే, మనిషి ఎట్లుండెనో చెప్పమన్నాడు. మంచిగుండె అంది. కండ్లు? మంచిగుండె. ముక్కు? అది గుడ మంచిగనే ఉండె. ఏం అడిగినా ఆమె నోట అదే మాట. పాతికేళ్లుగా సినిమావాళ్లను తప్ప ఇంకొకరిని గీయని మనిషికి ఆ ఒక్క మాట సరిపోయింది. అర్థమైందక్కా అన్నాడు.

తరువాతి ఆదివారం ఆయనే బొమ్మను భుజాన వేసుకుని మా బస్తీకి వచ్చాడు. గుడ్డ విప్పి మా ఇంటి గోడకు ఆనించాడు. బస్తీ అంతా పనులు వదిలేసి వచ్చింది. అబ్బ, ఏం మనిషి. గులాబీ రంగు బుగ్గలు. దవడ కింద నీలం నీడ. నుదుటి మీదికి వంపు తిరిగిన ఒక వెంట్రుకల పాయ. దూరం నుంచి బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడేలాంటి కళ్లు. మెలితిప్పిన మీసం సరేసరి. ఆడవాళ్లు నాయనమ్మ వైపు చూసి, గింత అందగాని పక్కన ఎట్ల బతికినవమ్మా అని ఆటపట్టించారు. మా మేనత్తయితే నాయన అచ్చం ఇట్లనే ఉండె అని కొంగుతో కళ్లొత్తుకుంది. నేను పక్కింటి అక్క ఎక్కడుందో వెతికి, ఆమె ముందుకు పోయి నిలబడ్డాను.

నాయనమ్మ బొమ్మను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. తరువాత చాలా మర్యాదగా, ఇంటికొచ్చిన చుట్టం గురించి అడిగినట్టు అడిగింది.

"మంచిగున్నడు. ఎవరాయన?"

ఎవరికీ నవ్వు ఆగలేదు. బొమ్మల తాత మొహం మాత్రం చిన్నబోయింది. గులాబీ బుగ్గలు, నీలం నీడ ఆయన చేతికి అలవాటైపోయాయి. దూరం నుంచి చూసేవాళ్ల కోసం గీసీ గీసీ, దగ్గర నుంచి చూసే మనిషి ఉంటుందన్న సంగతే మరిచిపోయాడు. మా గడప మీద కూలబడ్డాడు. మా అమ్మ ఇచ్చిన చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు కిందపెట్టి, మొహం మర్శినవ్ కదా అక్కా, మరి ఈయన కాదని ఎట్ల ఎరుక అని అడిగాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎట్లున్నడో ఎరుక లేదు, గాని ఈయన కాదు అంది.

ఆ మాటకు ఆయన తలెత్తి ఆమెను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. లేచి గుడ్డ చుట్టుకున్నాడు. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకుని షెడ్డుకు రమ్మని చెప్పి వెళ్లిపోయాడు.

ఆదివారం మేము వెళ్లేసరికి ఆ అందగాడి మీద తెల్లరంగు కొట్టేసి ఉంది. నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మమ్మల్ని ఎదురుగా వరసగా నిలబెట్టి, కదలకుండ్రి అని హెచ్చరించి, బొగ్గు ముక్క తీసుకున్నాడు. గీయడం మొదలుపెట్టగానే నాకు ఒళ్లు మండింది. చింతకాయంత పొడుగు ముక్కు గీశాడు. చేటంత చెవులు గీశాడు. పాతికేళ్లు బొమ్మలు గీసిన మనిషి మా స్కూల్లో పలక మీద గీసేవాళ్లకంటే ఘోరంగా గీస్తుంటే ఊరుకోలేక, దగ్గరికి పోయి, నీ చెయ్యికేమైంది తాతా అని అడిగాను. ఆయన వంగి నా చెవిలో చెప్పాడు.

"మీ నాయనమ్మను అడిగితే యాదికి రాదు బిడ్డా. తప్పు గీస్తే యాదికొస్తది. జర సూస్తుండు."

నిజంగా అలాగే జరిగింది. ఆ ముక్కు చూడగానే నాయనమ్మ కుర్చీలో నుంచి సగం లేచింది. గంత ముక్కు ఆయనకెక్కడిది, పొట్టిగ, కొసకు జర మొద్దుగ ఉండె అంది. అలా అని మా వరస వంక చూసి, మేనత్త దగ్గర ఆగి, గదో గా ముక్కే అంది. మేనత్తకు తన ముక్కు మొద్దుగా ఉంటుందని పెళ్లినాటి నుంచీ దిగులు. ఆ రోజు నుంచి ముక్కుపుడక తుడుచుకుని మరీ తిరిగింది. చెవులు చూసి మళ్లీ కోప్పడింది. అవి మా నాయన దగ్గర దొరికాయి. కనుబొమలు మొదట దట్టంగా గీస్తే కాదంది, సన్నగా గీస్తే అసలే కాదంది, ఆ రెండిటి మధ్య ఎక్కడో అవునంది. కాదు, కాదు అంటూనే ఆమె ఒక్కొక్క మెట్టు దిగి ఆ మొహం దగ్గరికి పోతోంది. ఆ పెద్దాయన ప్రతి ఆదివారం ఎంతో శ్రద్ధగా తప్పులు గీసేవాడు, ఎంతో సంతోషంగా తిట్లు తినేవాడు.

మీసం దగ్గర పెద్ద గొడవైంది. మీసం లేకపోతే ఒప్పుకునేది లేదని మేనత్త పట్టుబట్టింది. తనకప్పుడు ఏడేళ్లనీ, కళ్లారా చూశాననీ, మీసం ఇట్ల పైకి తిరిగి ఉండేదనీ చేత్తో చూపించింది. నాయనమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఆయనకు మీసం యాడిదే? గది మన ఇంటి మీదిది," అంది. షెడ్డంతా నవ్వులతో నిండిపోయింది. మేనత్త కూడా కాసేపు మూతి ముడుచుకుని, వేళ్లతో గాలిలో ఆ మీసం ఆకారం గీసి చూసుకుని, అవును గదిదే అని ఒప్పుకుంది. మా వీధిలోకి వచ్చినప్పుడల్లా కప్పు మీద చూసిన మీసాన్ని తెలియకుండానే కన్నతండ్రికి పెట్టేసుకుంది పాపం.

మా నాయన మాత్రం ఈ తతంగమంతా జరుగుతుంటే తలుపు దగ్గరే ఉండేవాడు. ఆయనా మేస్త్రీయే. వారానికి ఒక్క సెలవు, అది కాస్తా చచ్చినోళ్లకు పోయిందని గొణిగేవాడు. ఆయన్ని బొమ్మల తాత ఏమీ అడిగేవాడు కాదు. మూడో ఆదివారమో, నాలుగో ఆదివారమో, జుట్టు గీస్తూ వెనక్కి తిరక్కుండానే, నీకేమన్న యాదికుందా మేస్త్రీ అన్నాడు. ఏమీ లేదంటాడనుకున్నాను.

"నేను మొహం సూడలె," అన్నాడు మా నాయన. "ఎప్పుడు సూడు నన్ను భుజం మీదనే ఎక్కించుకుంటుండె. పైకెల్లి నడినెత్తి అవుపడుతుండె. రెండు సుడులుండె. వాటిమీద ఏలు పెట్టి తిప్పుకుంట కూసుంటుండె నేను."

మేనత్త నోరు తెరుచుకుని చూసింది. నాయనమ్మ చెయ్యి నోటికి పోయింది. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లవుతాయంటారు కదా, ఆ మాట పట్టుకుని తాతయ్యను ఎన్నిసార్లు దెప్పిందో అప్పుడు గుర్తొచ్చిందట. నా నెత్తిమీద కూడా రెండు సుడులే. మా అమ్మ దిగులుతో రోజూ నూనె పెట్టి అణిచేది వాటిని. బొమ్మల తాత నన్ను ముందుకు పిలిచి తల వంచమన్నాడు. నా నడినెత్తిని అంత సేపు, అంత మర్యాదగా చూసిన మనిషి మళ్లీ నాకు జీవితంలో తగల్లేదు. ఆ రోజు ఆయన బొమ్మ మొత్తం మార్చేశాడు. ఎదురుగా చూస్తున్న మొహాన్ని తీసేసి, తల కాస్త పక్కకు వంచి కిందికి చూస్తున్నట్టు గీశాడు. అలా గీస్తే సుడులు కనబడతాయి. మా నాయన ఆ తరువాతి ఆదివారం తలుపు దగ్గర నిలబడలేదు. లోపలికి వచ్చి కూర్చున్నాడు.

నోరు ఒక్కటి మిగిలింది. అక్కడ అంతా ఆగిపోయింది. పెద్ద నోరు, చిన్న నోరు, పల్చటి పెదవి, దళసరి పెదవి, అన్నీ గీశాడు. నాయనమ్మ అన్నిటికీ కాదంది. కాదనడమే తప్ప ఇట్లా అని చెప్పలేకపోయింది. మా అందరి నోళ్లూ చూసింది, ఎవరిదీ కాదంది. రెండు ఆదివారాలు ఇలాగే గడిచాయి. మూడోసారి గుడ్డ వైపు చూడటం కూడా మానేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ వదిలెయ్యన్నా," అంది. "నోరు లేకున్నా మంచిదే. ఎదురు మాట్లాడడు."

హాస్యానికే అంది గానీ గొంతులో జీవం లేదు. ఇంత దగ్గరిదాకా వచ్చి వెనక్కి మళ్లుతోందని నాకు అర్థమైంది. బొమ్మల తాత సరేనన్నట్టు తలూపి, కుంచె కిరోసిన్‌లో ముంచి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. పని అయిపోయిన మనిషిలాగా, మీరిద్దరు మొదట ఏ పని కాడ కలిసిండ్రక్కా అని అడిగాడు.

అప్పుడు చెప్పింది నాయనమ్మ, మాకెవరికీ అంతవరకు తెలియని సంగతి. నారాయణగూడలో ఒక పెద్ద బంగళాకు ప్రహరీ గోడ కడుతున్నారట. ఆమె కొత్తగా పనిలో చేరింది. పరంజా మీద నుంచి ఈయన మాలు చాలలేదు, ఇంకో తట్ట తే అంటాడు. తెచ్చి ఇచ్చి కిందికి దిగిందో లేదో మళ్లీ చాలలేదంటాడు. పొద్దంతా ఇదే పని. మిగతా మేస్త్రీలకు రెండు తట్టలు పట్టే చోట ఈయనకు ఐదు తట్టలు. ఈ పనోడికి పని రాదనుకుని ఆమె తిట్టుకుంది. నాలుగో రోజు గుత్తేదారు వచ్చి గోడ మందం కొలిచి, ఇది గోడనా గోల్కొండ కోటనా అని నెత్తి కొట్టుకున్నాడట. ఆమె రావడం కోసం మాలు అంతా గోడకే పెడుతూ పోయాడు మా తాతయ్య.

చెబుతూ చెబుతూ నాయనమ్మే ముందు నవ్వింది. తరువాత మా నాయన. ఆయన అలా పగలబడి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మేనత్త కుర్చీ పట్టుకుని ఒరిగిపోయింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నవ్వుల మధ్య ఎప్పుడు లేచాడో బొమ్మల తాత, కుంచె పట్టుకుని మమ్మల్ని ఒకరి తరువాత ఒకరిని చూస్తూ గబగబా గీస్తున్నాడు. ఈసారి కదలకుండ్రి అనలేదు. మేము నవ్వి నవ్వి అలిసిపోయేసరికి ఆయన పక్కకు తప్పుకున్నాడు.

పరంజా మీద నుంచి తల పక్కకు వంచి, కిందికి చూస్తూ ఒక మనిషి నవ్వుతున్నాడు. మీసం లేదు. మాలు చాలలేదని అబద్ధమాడి దొరికిపోయిన నవ్వు అది.

నాయనమ్మ నవ్వుతూ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. ఆ కొంగును మెల్లగా తలమీదికి లాక్కుంది. బస్తీలో ఎవరి ముందూ ఆమె తలమీద కొంగు వేసుకోగా నేను చూడలేదు. ఆయన ముందు మాత్రమే వేసుకునేదట, ఆయన పోయాక ఆ అవసరం రాలేదట. మా నాయన లేచి బయటికి పోయి నల్లా దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

కాసేపటికి నాయనమ్మ తేరుకుని, పక్కన నన్ను గుడ గియ్యి అంది. ఆయన సంతోషించి, ఇరవై ఏళ్ల పిల్లలాగా గీస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఇప్పుడు ఎట్లున్ననో గట్లనే గియ్యన్నా. గీ బొమ్మ సూసుకుంట ఉంటే రేపు నేను పోయినంక ఆయన గుర్తుపడ్తడు," అంది. ఆకుపచ్చ చీరలో, తెల్లబడ్డ వెంట్రుకలతో, నెత్తిమీద తట్టతో, పైకి చూస్తున్న నాయనమ్మను ఒక్క పూటలో గీసేశాడు. ఆ ఒక్కటీ చూసి గీసే బొమ్మ కదా, తప్పులు గీయాల్సిన పని లేకపోయింది. అలవాటు చొప్పున తాతయ్య దవడ కింద ఇంత నీలం వేశాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. బస్తీలో అందరూ తల్లీకొడుకుల్లా ఉన్నారని ఆటపట్టిస్తే అందరికంటే ఎక్కువ నవ్వింది నాయనమ్మే. మా నాయన రెండు ఆదివారాలు చిక్కడపల్లి పోయి, ఆ షెడ్డు గోడంతా అద్దంలా నున్నగా పూసి వచ్చాడు.

బొమ్మ ఇంటికి తెచ్చే రోజున, ఎవరూ లేనప్పుడు చూసి బొమ్మల తాతను అడిగాను, మా తాతయ్య నిజంగా ఇలాగే ఉండేవాడా అని. ఔనంటాడనుకున్నాను.

"నాకేం ఎరుక బిడ్డా," అన్నాడు. "నేను మిమ్మల్ని అందరిని గీసిన. ఆమెకు ఆయన అవుపడ్డడు."

మరుసటి ఏడాది పెత్రమాసకు తాపీ పక్కన బొమ్మ నిలబెట్టారు. అప్పుడొచ్చింది చిక్కు. బొమ్మలో ఒకరు పోయినవారు, ఒకరు బతికున్నవారు. బతికున్నవాళ్ల బొమ్మకు దండ వేయకూడదు కదా. మా అమ్మ ఆలోచించి ఆలోచించి, దండను సగానికి కుదించి తాతయ్య వైపే కట్టింది. నాయనమ్మ తన బొమ్మ ముందే కూర్చుని దండ వంకర పోయిందని సరిచేసేది. పన్నెండేళ్లు అలాగే జరిగింది. చివరి రోజుల్లో ఆమెకు దిగులు లేదు. ఆకుపచ్చ చీర కట్టమంది, అంతే. ఆ చీర ఎందుకో మాకు తెలుసు. ఆ ఏడు పెత్రమాసకు దండ కొంచెం పొడుగ్గా కట్టాం.

ఇప్పుడు మా బస్తీ ఉన్నచోట అపార్టుమెంట్లు, కోచింగ్ పిల్లల హాస్టళ్లు. నేను పంతులమ్మగా రిటైరై, అదే అశోక్‌నగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాను. నారాయణగూడలో ఆ గోడను మొన్నమొన్ననే కొట్టేశారు. మామూలు గోడలు గంటలో పడిపోయే యంత్రంతో దానికి ఒక పూట పట్టిందట. ఆ కబురు విని ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. మా హాల్లో బొమ్మ మాత్రం ఉంది. రంగు పల్చబడి, కింద తెల్లరంగు చాటున దాక్కున్న ఆ అందగాడు తాతయ్య భుజం దగ్గర నుంచి గులాబీ బుగ్గతో కొద్దికొద్దిగా బయటికి వస్తున్నాడు. పిల్లలు ఆయన్ని 'ఎవరాయన' అనే పిలుస్తారు. ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా ముందు ఆ బొమ్మ కిందికి తెచ్చి ముక్కు, చెవులు, సుడులు సరిచూడటం మాకు ఆనవాయితీ అయింది. బొమ్మల తాత బొమ్మ మాత్రం ఎవరూ గీయలేదు. ఆయన మొహం నాకిప్పుడు సరిగా గుర్తులేదు. కానీ ఎవరైనా తప్పు చెబితే మటుకు ఊరుకోను.

మా ఆయన పోయి నాలుగేళ్లయింది. ఫోను నిండా ఆయన ఫోటోలే, వందల కొద్దీ. పిల్లలు చూపిస్తారు, నేను చూస్తాను, ఫోను మూసేస్తాను. మొన్నొక పొద్దున మా చిన్నోడు వంటింట్లో చాయ్ పెడుతూ, చక్కెర ఎంత వేయాలో అడగడానికి తల కాస్త వంచి నా వైపు తిరిగాడు. కిటికీ వెలుతురు ఒక్క చెంప మీదే పడింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తలమీద కొంగు వేసుకున్నదాన్ని కాదు. నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. వాడు చూసి, ఏందమ్మా గట్ల సూస్తున్నవ్ అన్నాడు.

"ఏం లేదు బిడ్డా. జర కదలకు," అన్నాను.

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. వాడు కదల్లేదు.